చేటెడు తవుడు

ఎవరైనా తనతో మాట్లాడుతుంటే పెంచల్ కుడి బొటనవేలితో ముక్కు పక్కన రుద్దుకుంటాడు. చెమట తుడుచుకున్నట్టు ఉంటుంది. చెమట ఉండదు. అక్కడ ఆవగింజ పట్టేంత సొట్ట ఉంది. పసితనంలో ముక్కు కుట్టించి, తర్వాత వదిలేస్తే పూడుకుపోయిన రంధ్రం. చేపల వ్యాపారి ధర చెప్పేటప్పుడు రుద్దుకుంటాడు. కూతురు బడి సంగతులు చెప్పేటప్పుడూ రుద్దుకుంటాడు. విననప్పుడు చెయ్యి కదలదు.

ముక్కు ఎందుకు కుట్టించారని చిన్నప్పుడు అడిగితే, పెంచలకోన స్వామి మొక్కు అని తల్లి వెంకటశేషమ్మ చెప్పింది. అతను నమ్మాడు.

విడవలూరు నుంచి సముద్రం వైపు వెళ్ళే దారిలో వాళ్ళ ఊరు. తండ్రి పద్మనాభయ్య వరి పండించేవాడు. ఆయన పోయాక పెంచల్ రోడ్డు పక్క చేను తవ్వించి చేపల గుంట చేశాడు. చుట్టూ అందరూ రొయ్యలు వేశారు. అతను చేపలే వేశాడు. రొయ్యలు పెంచేవాడికి నిద్ర ఉండదని, తనకు నిద్ర కావాలని అనేవాడు.

చేపలకు మేత తవుడు. సంచి అడుగున సన్నటి రంధ్రాలు పొడిచి, తవుడు నింపి, నీళ్ళలో పాతిన కర్రలకు కట్టాలి. చేపలు రంధ్రాల దగ్గర మూతి పెట్టి లాక్కుంటాయి. సాయంత్రానికి సంచులు ఖాళీ అయితే గుంట బాగున్నట్టు. మిగిలితే నీళ్ళలో ఏదో తేడా ఉన్నట్టు. ఏమిటో వెంటనే తెలియదు. పెంచల్‌కు ఈత రాదు. నడుముకు ఖాళీ డబ్బా కట్టుకుని, చిన్న తెప్ప మీద వెళ్ళి సంచులు కట్టి వస్తాడు. గట్టు మీద వెళ్ళేవాళ్ళు చూసి నవ్వుతారు. అతనూ నవ్వుతాడు.

తాను పెంచుకున్న బిడ్డనని అతనికి తెలుసు. పెళ్ళి మాటలప్పుడు వినీల తరఫు పెద్దలు కన్నవాళ్ళ గురించి అడిగితే, వెంకటశేషమ్మ చింతపండులో గింజలు తీస్తూ అతని ముందే చెప్పింది. సముద్రం పక్క వాళ్ళు. పోయినారు. ఆమె చేతులు ఆగలేదు. వచ్చినవాళ్ళు ఇంకేమీ అడగలేదు. పెంచల్ కూడా తర్వాత అడగలేదు. అడగాలని ఎందుకు అనిపించదో అని ఒక్కోసారి ఆశ్చర్యపడేవాడు. పోయినవాళ్ళ గురించి అడిగేదేముంది అనుకునేవాడు.

ఒక ఉదయం గుంట గట్టు మీద ఒక మనిషి బండి ఆపాడు. కృష్ణపట్నం పోర్టులో పనిచేసేవాళ్ళు వేసుకునే పచ్చ జాకెట్టు వేసుకుని ఉన్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి.

"పెంచలన్న నువ్వేనా?"

"నేనే. చేపలకా?"

"చేపలు మాకెందుకన్నా. నేను శివ. పాళెం. పోలేరమ్మ కొడుకుని."

"చేపల పోలేరమ్మా? బాగుండాదా? రావడమే మానేసింది."

"మోకాళ్ళు పోయినాయన్నా. ఇప్పుడంతా చేపల ఐసుబండ్లు గదా. గంప ఎవురు కొంటారు."

శివ గట్టు మీద పేర్చిన తవుడు బస్తాల వంక చూశాడు.

"ఒక చేటెడు తవుడు కావాలన్నా."

"అంతేనా? గొడ్లకా?"

"గొడ్లకు కాదు." శివ నవ్వాడు. నవ్వడం మొదలుపెట్టాక ఆపడం చేతకాలేదు. "నిన్ను కొనుక్కునేదానికంట. అమ్మ అట్టా చెప్పమనింది. నాకు సరిగ్గా చెప్పే తెలివి లేదు, నువ్వే వచ్చి అడుగు. నువ్వు మా అమ్మ కన్న బిడ్డవంట. నాకూ మొన్నే తెలిసింది."

పెంచల్ ముక్కు రుద్దుకున్నాడు. తర్వాత ఒక సంచి తీసి, దోసిళ్ళతో తవుడు పోసి, మూతి కట్టి ఇచ్చాడు. ఎందుకు ఇచ్చాడో అప్పుడు ఆలోచించలేదు. అడిగినవాడికి ఇచ్చాడు. శివ దాన్ని ముందు పెట్టుకుని వెళ్ళిపోయాడు. పెంచల్ తెప్ప మీద వెళ్ళి సంచులు కట్టాడు. ఒడ్డుకు వచ్చి చూస్తే ఒకే కర్రకు రెండు సంచులు కట్టి ఉన్నాయి. పక్క కర్ర ఖాళీగా ఉంది.

పోలేరమ్మ అతనికి ఊహ తెలిసినప్పటి నుంచి తెలుసు. తల మీద గంపతో సముద్రం ఒడ్డు పాళెం నుంచి నడిచి వచ్చేది. పెరటి వైపు నుంచే వచ్చేది. గంప దించి ఆకులు తీస్తే కానాగంతలు, నెత్తళ్ళు, ఎప్పుడైనా ఒక వంజరం. వెంకటశేషమ్మ వడ్లు కొలిచి చేపలు తీసుకునేది. ఇద్దరూ ప్రతిసారీ పోట్లాట లాంటి బేరం ఆడేవాళ్ళు. చేప మెత్తబడిందని ఈమె, వడ్లలో తాలు ఉందని ఆమె. పెంచల్ గంప దగ్గరికి వెళ్తే పోలేరమ్మ తల తిప్పుకునేది. "ఎవరి బిడ్డోలేమ్మా, ముల్లు గుచ్చుకుంటది, లోపలికి పిలువు" అనేది. అతని పేరు ఎప్పుడూ పలకలేదు.

గంప తిరిగి తలకెత్తుకోవడానికి ఇంకొకరి చెయ్యి కావాలి. ఆమె ఎప్పుడూ వెంకటశేషమ్మనే పిలిచేది. ఒకసారి పెంచల్ వచ్చి గంప అంచు పట్టుకున్నాడు. అప్పటికి మీసం వస్తోంది. పోలేరమ్మ వెనక్కి జరిగింది. "నువ్వొద్దు అబ్బయ్యా" అంది. రైతుల బిడ్డతో గంప ఎత్తించుకోకూడదని కాబోలు అనుకున్నాడు. అదీ మరిచిపోయాడు. ఇప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చిన ప్రతిదీ రెండు రకాలుగా కనిపిస్తోంది. ఏది ముందుదో ఏది తర్వాతదో తెలియడం లేదు.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వెళ్ళాడు. వెంకటశేషమ్మ వసారాలో కూర్చుని మినుములు బాగు చేస్తోంది.

"చేపల పోలేరమ్మ కొడుకు వచ్చినాడమ్మా."

ఆమె చెయ్యి ఆగింది.

"తవుడడిగినాడా?"

పెంచల్ గడప దగ్గరే నిలబడిపోయాడు. "ఆ" అన్నాడు.

"ఇచ్చినావా?"

"ఇచ్చినా."

"ఎందుకని అడక్కుండానే ఇచ్చేసింటావు. మీ నాయన పోలిక."

ఆ మాట ఆమె నోటి నుంచి అలవాటుగా వచ్చింది. వచ్చాక ఆమె కూడా దాన్ని విన్నట్టు ఉంది. మినుముల్లోంచి ఒక రాయి ఏరి పక్కన పెట్టింది. తర్వాత చెప్పింది.

పోలేరమ్మకు ముగ్గురు బిడ్డలు పుట్టి పోయారు. నాలుగోవాడు పెంచల్. వరసగా బిడ్డలు పోయే ఇంట్లో, పుట్టినవాణ్ణి చేటలో పడుకోబెట్టి ఇంకో ఇంటి ఆడదానికి అమ్ముతారు. వెల చేటెడు తవుడు. ముక్కు కుట్టిస్తారు. అంత తక్కువకు అమ్ముడుపోయిన బిడ్డ మీద చావుకు ఆశ పోతుందని. కొన్న ఇంట్లో మూడు రాత్రులు నిద్ర చేయించాక తల్లి వచ్చి, అదే తవుడు తిరిగిచ్చి, బిడ్డను కొనుక్కుని పోవాలి. అక్కడికి బేరం తెగినట్టు. వెంకటశేషమ్మకు పిల్లలు లేరు. పోలేరమ్మ చేపలు తెచ్చే ఇల్లు. అందుకని అడిగితే సరేనంది.

"కొన్నా. తవుడిచ్చి కొన్నా. ఆమె రాలా."

"ఎప్పటికీ రాలేదా?"

"చేపలకు వచ్చింది. నీకోసం రాలా."

"పోయినారని చెప్పినావు."

"ఇంకేం చెప్పేది? అమ్మి తీసుకపోలేదని చెప్పేదా?" వెంకటశేషమ్మ చేట ఎత్తి మినుములు చెరగడం మొదలుపెట్టింది. పొట్టు ఎగిరి అతని కాళ్ళ మీద పడింది.

రెండు రోజులు అతను గుంటకు తప్ప ఎక్కడికీ వెళ్ళలేదు. ఒక సాయంత్రం సంచులు విప్పుతుంటే ఎదురుగా తూర్పు కనిపించింది. ఆ వైపే పాళెం. బండి తీశాడు.

సునామీ తర్వాత కట్టిన ఇళ్ళ వరసలో పోలేరమ్మ ఇల్లు చివరిది. బయట ముత్యాలయ్య వల కుడుతున్నాడు. పోలేరమ్మ మొగుడు. పెంచల్ అతన్ని ఇంతకు ముందు చూడలేదు. చూసి ఏదో పోల్చుకోవాలనుకున్నాడు. ముసలాయన ముక్కు, చెవులు, చేతులు. ఎవరి చేతులైనా అలాగే ఉంటాయి.

"కూసో" అన్నాడు ముత్యాలయ్య. దారం పళ్ళతో తెంచాడు. ముడి బిగించి అడిగాడు. "గుంటలో ఎంత లోతు?"

"రొమ్ముల దాకా."

"ఈతొచ్చా?"

"రాదు."

ముత్యాలయ్య మొదటిసారి తల ఎత్తాడు. లోపలికి కేక వేశాడు. "మే, ఈత రాదంట!"

"యాడొస్తది? గట్టు మీద పెరిగినాడు" అని లోపలి నుంచి పోలేరమ్మ గొంతు.

"నేర్పియ్యనన్నా లేదే వాళ్ళు."

"వాళ్ళకు మాత్రం వచ్చా?"

ముత్యాలయ్య మళ్ళీ వల మీదికి వంగాడు. పోలేరమ్మ వచ్చింది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి ఒక్కో అడుగు వేస్తూ వచ్చింది. ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది శివ భార్య ఉష. నిండు నెలలు దగ్గరపడుతున్న మనిషి. పోలేరమ్మ పళ్ళెంలో అన్నం, మామిడికాయ వేసిన చేపల పులుసు తెచ్చి అతని చేతికిచ్చింది. తను కింద కూర్చుంది. అతను కుర్చీ మీంచి లేవబోయాడు. "కూసో అబ్బయ్యా" అంది. అతను కూర్చున్నాడు. ఆమె పళ్ళెం వంకే చూస్తోంది.

"నువ్వు తవుడు తీసుకుని రాలేదంట" అన్నాడు.

"ఎవురు? శేషమ్మ చెప్పినాదా?"

"ఆ."

పోలేరమ్మ కోపం తెచ్చుకోలేదు. "పోయినా అబ్బయ్యా. మూడు నిద్రలైనాక పోయినా, చేట నిండా పెట్టుకోని. నీకు ఒళ్ళు వెచ్చగుండాదనింది. ఎనిక్కి వచ్చినా. ఇంకోతూరి పోయినా. తవుడు పురుగు పట్టుండాదనింది. నిజంగానే పట్టుండాదేమో. మబ్బు రోజులు."

"గట్టిగా అడగలేదా?"

"ఎట్టడిగేది? ముగ్గుర్ని నేనేగా ఇంట్లో పెట్టుకునింది. నిలిచినారా? నువ్వు ఆమె ఒళ్ళో నవ్వతా ఉండావు. చూసినా. మళ్ళా పోలా."

"తర్వాత అన్నేళ్ళు వచ్చినావు గదా. నా మొహం కూడా చూడలేదే నువ్వు."

"చూస్తే తెలిసిపోద్ది గదా."

"ఎవరికి?"

ఆమె చెయ్యి ఎత్తింది. ఆకాశం వైపో, సముద్రం వైపో. చెయ్యి మధ్యలోనే ఆగి కిందికి దిగింది. "పట్టుకపోయేదానికి" అంది.

పెంచల్ ఒక ముద్ద తిన్నాడు. రుచి తెలిసింది. ఈ రుచి ఇంట్లో పులుసుది కాదు. బాగుందో లేదో చెప్పలేకపోయాడు.

"ఇప్పుడెందుకు మరి?"

పోలేరమ్మ గుమ్మంలో నిలబడిన ఉష వంక చూసింది. ఉషకు ఇంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇది మూడోసారి. తెగని బేరం ఒకటి ఇంట్లో ఉండిపోయిందని, అదే అడ్డం పడుతోందని పోలేరమ్మకు అనుమానం. మొదట అనుమానం. ఇప్పుడు అనుమానం కాదు.

"శేషమ్మ చేతికి తవుడు పోసి, నిన్ను నా బిడ్డ అనుకుంటే సరిపోద్ది. నువ్వు ఈడికి వచ్చి ఉండనక్కర్లా. ఆస్తి లేదు, పంపకం లేదు. కాన్పు లోపల అయిపోవాల."

"నా కోసం పిలిచినావా, ఆ బిడ్డ కోసం పిలిచినావా?"

ఆమె ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. "అదెట్టా చెప్పేది అబ్బయ్యా. రెండూ ఒక కడుపులోయే గదా. తిను. ముల్లు చూసుకో."

అతను లేచేటప్పుడు ఉష నీళ్ళ చెంబు ఇచ్చింది. "నేను ఇయ్యన్నీ నమ్మను బావా" అంది మెల్లగా. "ఆసుపత్రిలో అంతా బాగుండాదన్నారు. అయినా రాత్రిళ్ళు చెయ్యి పెట్టుకొని చూసుకుంటా ఉంటా, కదలతా ఉండాదా లేదా అని."

బావా అన్న మాటకు ముత్యాలయ్య సూది ఆగింది. పెంచల్ చేతులు కడుక్కున్నాడు.

ఇంటికి వచ్చి వినీలతో చెప్పాడు. వినీల కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ విన్నది.

"ఇద్దరిలో ఎవురు చెప్పింది నిజం?" అంది.

"తెలీదు."

"నీకు పోవాలనుందా?"

"యాడికి పోతా? పోయేది లేదు. ఉత్త తంతు. చేటెడు తవుడు ఇటునుంచి అటు పోసుకోవడమే."

"ఉత్త తంతే అయితే అత్తమ్మ రెండు పూటలనుంచి ఎందుకు తినలా?"

తంతు కాకపోతే అదేమిటో అతనికి తెలియదు. తవుడు చేతులు మారితే వెంకటశేషమ్మకు తాను ఏమవుతాడు? మారకపోతే, రేపు ఆ ఇంట్లో ఏదైనా జరిగితే, ఉష మొహం ఎలా చూడాలి? జరగకపోవచ్చు. నమ్మనని ఆమే అంది. అయినా చెయ్యి పెట్టి చూసుకుంటోంది.

వెంకటశేషమ్మను అడిగాడు. "రమ్మను" అంది ఆమె. "నేనేం కాదనలా. తెచ్చుకోమను."

శుక్రవారం సాయంత్రం, ఇంకా ఎండ ఉండగానే, పాళెం వాళ్ళు ఆటోలో వచ్చారు. శివ నడుపుతున్నాడు. ముత్యాలయ్య రాలేదు. ఆటో దిగి పోలేరమ్మ అలవాటుగా పెరటి వైపు తిరిగింది. వసారాలో కూర్చున్న వెంకటశేషమ్మ పిలిచింది.

"యాడికే అటు? ముందు నుంచి రా."

పోలేరమ్మ ఆ ఇంటి ముందు మెట్లు మొదటిసారి ఎక్కింది. పసుపు రాసిన కొత్త చేట కింద పెట్టి, సంచి విప్పి, తవుడు పోసింది. వేళ్ళతో అంచులు సర్ది మధ్యలో కుప్ప చేసింది. చేపలు పరిచినట్టే పరిచింది. ఉష మెట్టు మీద కూర్చుంటే వినీల కుర్చీ తెచ్చి కూర్చోబెట్టింది. పెంచల్ స్తంభం పక్కన నిలబడ్డాడు. ఎక్కడ నిలబడాలో ఎవరూ చెప్పలేదు.

వెంకటశేషమ్మ చెయ్యి పెట్టి పిడికెడు తవుడు తీసింది. నలిపింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇది యాడిది?"

"మీ అబ్బయ్య ఇచ్చిందేనమ్మా."

"చేపల మేత."

"తవుడే గదా."

"నూనె పిండేసిన తవుడు. దీంట్లో ఏముండాది, దుమ్ము. నేనిచ్చింది దంపుడు తవుడు. మొలకొలుకుల వడ్లు. నా చేత్తో నేను దంపినా. వేలు పెడితే జిడ్డు అంటేది. నూకలు కూడా ఏరకుండా పోసినా చేటలో. దానికిది సమానమా?"

"ఇప్పుడు దంపేవాళ్ళు యాడుండారమ్మా?"

"అది నన్నడిగితే? వాడి తవుడు తెచ్చి వాడినే కొంటానంటివి. నువ్వేం పెట్టినట్టు?"

"చేట మాదే పెద్దమ్మా, కొత్తది" అన్నాడు శివ ఆటోలోంచి.

"నువ్వు నోర్ముయ్యి. ఈడ బేరం నీది కాదు."

ఉష నవ్వబోయి ఆపుకుంది. పోలేరమ్మ నవ్వలేదు. చేపల బేరంలో ఆఖరి మాట చెప్పే గొంతుతో అంది.

"ముందుతూరి ఒళ్ళు వెచ్చగుండాదన్నావు. రెండోతూరి పురుగు పట్టుండాదన్నావు. ఇప్పుడు నూనె లేదంటా ఉండావు."

వెంకటశేషమ్మ పిడికిలిలోని తవుడు చేటలోకి వదిలింది. అరచెయ్యి దులుపుకుంది. ఒక్క పొట్టు కూడా తన దగ్గర ఉండకూడదన్నట్టు దులుపుకుంది.

"అయితే వచ్చిందా అమ్మా?" అన్నాడు పెంచల్.

వీధిలో ఐసుబండి ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"వచ్చింది" అంది వెంకటశేషమ్మ. "రెండుతూర్లు వచ్చింది. మూడోతూరి వస్తే ఇచ్చేదాన్ని."

"ఇచ్చేదానివా?" అంది పోలేరమ్మ. తగవుగా కాదు. తెలుసుకోవాలని.

"ఏమో."

ఇద్దరూ వాకిట్లోకి చూస్తూ కూర్చున్నారు. పెంచల్ ఒకరి తర్వాత ఒకరిని చూశాడు. కోపం వస్తుందేమోనని ఎదురుచూశాడు. రాలేదు. ఒక తల్లి అబద్ధం చెప్పింది. ఒక తల్లి మళ్ళీ అడగలేదు. రెండూ జరగకపోతే అతను ఈ వసారాలో లేడు. ఎక్కడ ఉండేవాడు? పడవలోనా? పోయిన ఆ ముగ్గురి దగ్గరా? అంతకు మించి అతని ఊహ పోలేదు.

వినీల టీ తెచ్చింది. తాగారు. తర్వాత పోలేరమ్మ తవుడు మళ్ళీ సంచిలోకి వంచింది.

"దంపుడు తవుడే తెస్తాలే" అంది. "యాడన్నా దొరకతదేమో చూస్తా."

"చూడు" అంది వెంకటశేషమ్మ.

ఉష లేచింది. కడుపు మీద చెయ్యి ఉంది. శివ ఆటో తిప్పుకోవడానికి ముందుకు పోయాడు. పోలేరమ్మ మెట్లు దిగింది. ఆటో పది అడుగుల్లో ఉంది. అయినా చీర చెంగు చుట్ట చేసి తల మీద పెట్టుకుంది. సంచి మీద చెయ్యి వేసి, ఎత్తే మనిషి కోసం వెనక్కి చూసింది. అది ఆ ఇంటి పెరట్లో గంప ఎత్తుకుని ఎత్తుకుని ఆమె వంట్లో ఉండిపోయిన అలవాటు. వెంకటశేషమ్మ చేతులు ఒళ్ళో కదిలాయి. ఆమె లేవలేదు.

పెంచల్ దిగి వచ్చాడు. పోలేరమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. తర్వాత ఆగింది. అతను సంచి ఎత్తాడు. ఇద్దరు పట్టాల్సినంత బరువు కాదు. ఆమె తల కిందికి వచ్చింది. తలకు సర్దుతున్నప్పుడు ఆమె కళ్ళు అతని మొహానికి దగ్గరగా ఉన్నాయి. ఆమె తిప్పుకోలేదు.

"పూడుకుపోయిందే" అంది, ముక్కు పక్కన చూస్తూ. "నేనే పట్టుకోని కుట్టించినా. ఏడవలా నువ్వు."

ఆటో వెళ్ళిపోయింది. పెంచల్ గుంట దగ్గరికి వెళ్ళాడు. సంచుల్లో తవుడు సగం మిగిలి ఉంది. నీళ్ళు వాసన చూశాడు. తేడా లేదు. మబ్బుగా ఉన్నా మేత తినవు. మబ్బు లేదు. ఏమిటో తెలియలేదు. సంచుల్లో చెయ్యి పెట్టి తవుడు నలిపి చూశాడు. వేళ్ళకు జిడ్డు అంటలేదు. ఇన్నేళ్ళుగా పోస్తున్నాడు, ఎప్పుడూ చూడలేదు.

ఆ పూట వెంకటశేషమ్మ అన్నం తింది. కొంచెమే తింది. "నేను కాదనలా" అని ఒకసారి అంది, అతను అడగకుండానే.

మర్నాడు తెల్లవారాక అతను గుంటకు వెళ్ళలేదు. అటక మీద నుంచి రోకలి దించాడు. పెరట్లో రోలు ఉంది. కోళ్ళు నీళ్ళు తాగడానికి వాడుతున్నారు. నీళ్ళు వంపేసి, కడిగి, గుడ్డతో తుడిచి, ఎండ తగిలే చోటికి దొర్లించాడు. ఆరేదాకా దాని పక్కనే కూర్చున్నాడు. బస్తాలోంచి వడ్లు తెచ్చి పోశాడు. మొలకొలుకులు కావు. ఉన్నవి అవే. దంపడం మొదలుపెట్టాడు.

వడ్లు రోలు దాటి చిందాయి. కోళ్ళు చుట్టూ చేరాయి. వినీల గుమ్మంలోకి వచ్చి చూసి, లోపలికి పోయింది. ఎవరి కోసం దంపుతున్నాడో అతను తేల్చుకోలేదు. ఆ ఇంటికి పంపడానికా, ఈ ఇంట్లో ఉంచడానికా. చొక్కా తడిసింది. వంగి రోట్లో చెయ్యి పెట్టి చూశాడు. ఊక తప్ప ఏమీ కనిపించలేదు. ఇంకా దంపాడు.

చప్పుడుకు వెంకటశేషమ్మ పెరట్లోకి వచ్చింది. గోడ పట్టుకుని నిలబడింది. అతను ఆగలేదు. ఆమె లోపలికి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు చేతిలో చేట ఉంది.

"అది ఊక" అంది. "తవుడు రెండో పోటుకు గానీ రాదు. ముందు చెరగాల."

రోలు పక్కన కూర్చుని చేట చాపింది. అతను రోకలి గోడకు ఆనించి, రెండు చేతులతో తోడి, ఆమె చేటలో పోశాడు.